మోటారు కంటే ముందు టైరు కొలవండి

మోటారు కాలిన వాసన మన ఊళ్లలో ఎవరికీ కొత్త కాదు. వేసవిలో లో వోల్టేజీకి బోరు మోటారు తిరగలేక మూలిగి, చివరికి వైండింగ్ మాడిపోతే వచ్చే ఆ వార్నిష్ కమురు వాసనను పల్లెలో పెరిగినవాళ్లు ఎంత దూరం నుంచైనా పసిగడతారు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, విజయవాడ దగ్గర కృష్ణా నది ఇసుకలో, గుప్పిట్లో పట్టేంత చిన్న మోటారు నుంచి నాకు అదే వాసన వచ్చింది. అది నేను ముక్క ముక్కా కొని బిగించుకున్న ఆర్‌సీ (రేడియో కంట్రోల్) మాన్‌స్టర్ ట్రక్కు, అంటే రిమోట్‌తో నడిచే పెద్ద టైర్ల చిన్న బండి. ముందు రోజు రాత్రే పెద్ద టైర్లు వేశాను. స్పీడు ఇంకా బాగుంటుందని పీనియన్ అనే చిన్న గేరు కూడా మార్చాను. ఇసుకలోకి దింపిన ఏడెనిమిది నిమిషాలకు బండి ఒకసారి వణికి ఆగిపోయింది. బాడీ తీసి చూస్తే మోటారు మీద చెయ్యి పెట్టలేని వేడి.

మోటారులో లోపమేమీ లేదు. నేను పెట్టిన బరువు ఎంతో దానికే తెలిసింది, నాకు తెలియలేదు. ఆ వారమంతా కూర్చుని లెక్క వేస్తే అర్థమైన సంగతులే ఈ వ్యాసం. బండి కట్టబోయేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని కేవీ మోటారు వేయాలి?" (కేవీ అంటే మోటారు ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పే అంకె, వివరం తర్వాత చూద్దాం.) నా అభిప్రాయంలో అది చివర అడగాల్సిన ప్రశ్న. మొదట టైరును కొలవాలి, తర్వాత బండిని తూచాలి, ఆ తర్వాత గేర్లు చూసుకోవాలి. మోటారు ఆ లెక్కలోంచి దానంతటదే బయటికొస్తుంది.

టైరు కూడా గేరే

మోటారు షాఫ్టు మీద ఉండే చిన్న గేరు పీనియన్. దానితో కలిసి తిరిగే పెద్ద గేరు స్పర్. స్పర్ పళ్లను పీనియన్ పళ్లతో భాగించి, గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తితోనూ యాక్సిల్‌లోని గేర్ల నిష్పత్తితోనూ గుణిస్తే ఫైనల్ డ్రైవ్ రేషియో వస్తుంది. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే మోటారు ఎన్ని చుట్లు తిరగాలో అది చెబుతుంది. నా బండిలో స్పర్ 56 పళ్లు, మొదట వేసిన పీనియన్ 14 పళ్లు, కాబట్టి నిష్పత్తి 4. గేర్‌బాక్స్, యాక్సిల్ కలిపి 6. మొత్తం 24.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. నేనూ ఆపేశాను. కానీ ఈ వరసలో ఇంకో గేరు మిగిలే ఉంది, దానికి పళ్లు లేవు కాబట్టి కంటికి ఆనదు. అదే టైరు. మోటారు ఒక చుట్టు తిరిగితే బండి నేల మీద ఎంత దూరం పోతుందన్నది అసలు లెక్క. దీన్నే రోలౌట్ అంటారు. నా పాత టైరు వ్యాసం 110 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 345. దాన్ని 24తో భాగిస్తే మోటారు ఒక చుట్టుకు బండి 14.4 మిల్లీమీటర్లు పోతుంది. కొత్త టైరు వ్యాసం 150, చుట్టుకొలత 471. అదే 24తో భాగిస్తే 19.6 మిల్లీమీటర్లు. గేర్‌బాక్స్ మూత కూడా తీయకుండానే బండి గేరింగ్ 36 శాతం మారిపోయింది. ఇది 14 పళ్ల పీనియన్ తీసి 19 పళ్లది వేయడంతో సమానం. పైగా ఆ రాత్రి నేను నిజంగానే 19 పళ్ల పీనియన్ వేశాను. అంటే చేసిన మార్పునే తెలియకుండా రెండోసారి చేశాను.

నాలుగో గేరులో ఇద్దరిని ఎక్కించుకుని బైకు మీద శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఇంజన్ ఎలా కొట్టుకుంటుందో, నా మోటారు పరిస్థితి అదే. తేడా ఏమిటంటే బైకు ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు ఆగదు. అడిగినంత బలం ఇవ్వడానికి బ్యాటరీ నుంచి కరెంటు లాగుతూనే ఉంటుంది, కాలేదాకా.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. ట్రాక్సస్ వాళ్ల టూవీల్ డ్రైవ్ బ్రష్‌డ్ (కార్బన్ బ్రష్‌లున్న మోటారు) బండ్లు మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి: బ్యాండిట్ బగ్గీ, రస్ట్లర్ స్టేడియం ట్రక్కు, స్టాంపీడ్ మాన్‌స్టర్ ట్రక్కు. మూడింటిలో మోటారు ఒకటే, గేర్‌బాక్స్ ఒకటే, 86 పళ్ల స్పర్ ఒకటే. మారేది పీనియన్ మాత్రమే. బ్యాండిట్‌కు 20 పళ్లు, రస్ట్లర్‌కు 18, స్టాంపీడ్‌కు 14. ఫైనల్ రేషియో వరసగా 11.7, 13, 16.7. టైరు పెద్దదయ్యేకొద్దీ పీనియన్ చిన్నదవుతోంది. గేరింగ్ పాఠమంతా ఈ మూడు అంకెల్లో ఉంది.

అసలు మాన్‌స్టర్ ట్రక్కుల్లోనూ కథ ఇదే. అమెరికాలో పోటీల్లో దూకే నిజం ట్రక్కు టైరు ఎత్తు 66 అంగుళాలు, అంటే సగటు మనిషంత. ఇంజన్ సుమారు 1500 హార్స్‌పవర్. అయినా అంత ఇంజన్ శక్తినీ నేరుగా చక్రానికి ఇవ్వరు. చక్రం హబ్బు లోపలే ప్లానెటరీ గేర్లు పెట్టి, చివరి మలుపులో మరోసారి వేగం తగ్గించి బలం పెంచుతారు. అలా చేస్తే మధ్యలో ఉన్న షాఫ్టుల మీద, డిఫరెన్షియల్ మీద పూర్తి భారం పడదు. మన ట్రాక్టర్లలో వెనక చక్రాల దగ్గర ఉండే చివరి గేర్లు చేసే పని కూడా అదే. పెద్ద చక్రం ఉన్నచోట గేరును చక్రానికి దగ్గరగా పెట్టడం దుక్కి దున్నే బండికైనా, కార్ల మీదికి దూకే బండికైనా పనికొచ్చే ఉపాయం.

ఆర్‌సీ బండ్లలో ఈ ఆలోచనకు దగ్గరగా వచ్చింది 1987లో టామియా తెచ్చిన క్లాడ్ బస్టర్. దానికి మధ్యలో గేర్‌బాక్స్ లేదు. ముందు యాక్సిల్ మీద ఒక మోటారు, వెనక యాక్సిల్ మీద ఒక మోటారు, దేని గేర్లు దానివే. బరువును ఇద్దరు కూలీలు పంచుకుని మోసినట్టు రెండు మోటార్లూ పంచుకుంటాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఆ యాక్సిళ్లు వెతుక్కుని మరీ సొంత బండ్లు కట్టుకుంటున్నారు.

ఏటవాలు మీద ఎన్ని ఆంపియర్లు

ఇప్పుడు బరువు సంగతి. నా బండిని బ్యాటరీతో సహా కిరాణా కొట్టు కాటా మీద పెడితే 4 కిలోలు తూగింది. 30 డిగ్రీల ఏటవాలు గట్టు ఎక్కించాలంటే దాన్ని పైకి నెట్టడానికి సుమారు 20 న్యూటన్ల బలం కావాలి. ఇసుక లాగేది దీనికి అదనం, ప్రస్తుతానికి దాన్ని వదిలేద్దాం. ఈ బలాన్ని టైరు వ్యాసార్ధంతో గుణిస్తే చక్రం దగ్గర కావలసిన టార్క్ వస్తుంది. దాన్ని ఫైనల్ రేషియోతో భాగించి, గేర్ల రాపిడిలో ఓ 20 శాతం పోతుందనుకుంటే మోటారు మీద పడే భారం తెలుస్తుంది. నేను వాడిన మోటారు 3300 కేవీ. ఆ మోటారు ఒక్కో ఆంపియర్‌కు ఎంత టార్క్ ఇస్తుందో తెలియాలంటే 9.55ను 3300తో భాగిస్తే చాలు: 0.0029 న్యూటన్ మీటర్లు.

ఇవన్నీ కలిపి చూస్తే, పాత 110 టైరు, 14 పీనియన్‌తో ఆ గట్టు ఎక్కడానికి మోటారు సుమారు 19 ఆంపియర్లు తీసుకోవాలి. టైరు ఒక్కటి 150కి మారిస్తే 26 దాటుతుంది. దాని మీద 19 పళ్ల పీనియన్ కూడా వేస్తే 36. పైకి చూస్తే ఇది రెట్టింపు కూడా కాలేదు, ఇందులో అంత కంగారేముంది అనిపిస్తుంది. కంగారు వేడిలో ఉంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. 19 నుంచి 36కు పోతే వేడి దాదాపు మూడున్నర రెట్లు అవుతుంది. నేను మార్చింది ఒక సెట్టు టైర్లు, ఒక చిన్న ఇత్తడి రంగు గేరు. మోటారుకు వచ్చిపడింది మూడున్నర రెట్ల పొయ్యి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చి ఉండగా, బరువుకు మోటారు వేగం ఖాళీగా తిరిగే వేగంలో సగానికి పడిపోయిందంటే, మనం ఇస్తున్న విద్యుత్తులో కనీసం సగం వేడిగానే పోతోందని అర్థం. ఇసుకలో చక్రాలు కూరుకుపోయి పూర్తిగా ఆగిపోతే మొత్తం వేడే. అందుకే బండి ఇరుక్కున్నప్పుడు థ్రాటిల్ నొక్కి పట్టుకోకండి. నడిచి వెళ్లి చేత్తో తీయండి.

కేవీ అంటే బలం కాదు

ఈ విషయంలో ఉన్నంత గందరగోళం ఇంకెక్కడా లేదు, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. కేవీ అంటే ఒక వోల్టుకు మోటారు ఖాళీగా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న అంకె. 3300 కేవీ మోటారుకు రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, అంటే 7.4 వోల్టులు ఇస్తే 24,420 చుట్లు. బ్రష్‌డ్ మోటార్లలో ఇదే సంగతిని టర్న్స్‌తో, అంటే తీగ చుట్ల సంఖ్యతో చెబుతారు. 12 టర్న్స్ మోటారు వేగంగా తిరుగుతుంది, 35 టర్న్స్ మోటారు నిదానంగా తిరుగుతుంది.

"కేవీ తక్కువైతే టార్క్ ఎక్కువ" అని అందరూ అంటారు. ఒక్కో ఆంపియర్‌కు టార్క్ ఎక్కువన్నది నిజమే. కానీ మోటారు బలమే ఎక్కువన్నది నిజం కాదు. మోటారు రీవైండింగ్ షాపులో ఐదు నిమిషాలు నిలబడితే ఇది తెలుస్తుంది. అదే బాడీలో సన్న తీగతో ఎక్కువ చుట్లు చుట్టవచ్చు, లేదా లావు తీగతో తక్కువ చుట్లు చుట్టవచ్చు. లోపల పట్టే రాగి మాత్రం ఒక్కటే. చుట్లు రెట్టింపు చేస్తే ఒక్కో ఆంపియర్‌కు టార్క్ రెట్టింపవుతుంది. కానీ తీగ పొడవు రెట్టింపై, అడ్డకోత వైశాల్యం సగమై, నిరోధం నాలుగింతలవుతుంది. లెక్క కట్టి చూస్తే అంతే టార్క్‌కు పుట్టే వేడి రెండు మోటార్లలోనూ సమానం. అంటే మోటారు ఎంత బరువు మోయగలదన్నది దాని సైజు మీద, లోపలి రాగి, అయస్కాంతాల మీద ఆధారపడుతుంది. కేవీ చెప్పేది ఆ బలాన్ని ఏ వోల్టేజీ దగ్గర, ఏ వేగంలో తీసుకోవాలన్నది మాత్రమే.

అందుకని ముందు సైజు నిర్ణయించుకోవాలి. బ్రష్‌లెస్ మోటార్ల మీద 3650, 3660, 4074 అని రాసి ఉంటుంది. మొదటి రెండు అంకెలు వ్యాసం, తర్వాతి రెండు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. పాత 540 సైజు బ్రష్‌డ్ మోటారుకు 3650 సరిజోడు. నా అనుభవంలో రెండున్నర, మూడు కిలోల లోపు బండికి 3650 సరిపోతుంది. నాలుగు కిలోల బండికి, అందులోనూ ఇసుకలో తిరిగేదానికి, 3660 గానీ ఇంకా పొడవుది గానీ వేయాలి. ఐదారు కిలోలు దాటితే 40 మిల్లీమీటర్ల మోటార్ల వైపు వెళ్లడమే మంచిది. వాటి షాఫ్టు మందం 5 మిల్లీమీటర్లు. 540 సైజు వాటికి ఎక్కువగా 3.17 ఉంటుంది. పీనియన్ కొనేటప్పుడు ఇది చూసుకోకపోతే ఇంటికొచ్చాక అది షాఫ్టుకు ఎక్కదు.

సైజు తేలాక వోల్టేజీ చూడాలి. ఇక్కడ ఒక మంచి లాభం ఉంది. 7.4 వోల్టుల మీద 3300 కేవీ మోటారు 24,420 చుట్లు తిరుగుతుందని చూశాం. మూడు సెల్లుల బ్యాటరీ, అంటే 11.1 వోల్టుల మీద 2200 కేవీ మోటారు వేస్తే? సరిగ్గా అదే 24,420. గేర్లు మార్చనక్కర్లేదు, స్పీడు మారదు. కానీ నా బండి ఆ గట్టు ఎక్కడానికి 26 ఆంపియర్లకు బదులు 18 లోపే సరిపోతుంది. మోటారు సైజు ఒకటే అయితే దాని లోపలి వేడి తగ్గదు, ఆ సంగతి పైన చూశాం. తగ్గేది బ్యాటరీ తీగల్లో, కనెక్టరులో. అక్కడ వేడి సగం కంటే తక్కువకు పడిపోతుంది. మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే ఈఎస్‌సీకి (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్) కూడా ఊపిరి ఆడుతుంది. బరువైన బండికి నేను మూడు సెల్లులు, తక్కువ కేవీ అనే చెబుతాను. కొనేముందు ఈఎస్‌సీ మూడు సెల్లులకు పనికొస్తుందో లేదో దాని మీదే రాసి ఉంటుంది, చదవండి.

రోటరు ఏ స్థానంలో ఉందో ఈఎస్‌సీకి చెప్పే సెన్సర్ ఉన్న మోటారా, లేనిదా? నిదానంగా రాళ్ల మీద ఎక్కించే అలవాటు ఉంటే సెన్సర్ ఉన్నది తీసుకోండి. సెన్సర్ లేని మోటారు బరువుతో కదిలేటప్పుడు మొదటి క్షణంలో కటకటమని తడబడుతుంది, దాన్నే కాగింగ్ అంటారు. పెద్ద టైర్ల బండిలో ఇది ఇంకా ఎక్కువ. దూకుడుగా నడిపేవాళ్లకు దీనితో పెద్ద ఇబ్బంది ఉండదు.

దూకడమంటే గుర్తొచ్చింది. మాన్‌స్టర్ ట్రక్కు గాల్లో ఉన్నప్పుడు థ్రాటిల్ ఇస్తే ముక్కు పైకి లేస్తుంది, బ్రేకు వేస్తే కిందికి వంగుతుంది. బరువైన చక్రాల వేగం మారినప్పుడు దానికి బదులుగా బండి ఒళ్లు ఎదురు తిరుగుతుంది. బాగా నడిపేవాళ్లు నేలకు తాకేలోపు ఇలాగే బండిని సరిచేస్తారు. పీనియన్ మరీ పెద్దదైతే మోటారు చక్రాలను చటుక్కున ఊపలేదు, గాల్లో బండి మాట వినదు. పైస్పీడు కోసం గేరింగ్ పెంచినవాళ్లు పోగొట్టుకునేది ఈ పట్టునే. నా పాత 14 పీనియన్, 150 టైరుతో కాగితం మీద స్పీడు గంటకు 28.8 కిలోమీటర్లు. నేల మీద అంతకంటే తక్కువే వస్తుంది. 19 పీనియన్‌తో కాగితం మీద 39. ఆ పది కిలోమీటర్లు ఇసుకలో నాకు ఒక్కసారి కూడా కనబడలేదు.

మన ఎండలో

విదేశీ వీడియోల్లో సెటప్ చూసి అదే అంకెలు మన దగ్గర దింపుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. బ్రష్‌లెస్ మోటారు రోటరులో ఉండేవి నియోడిమియం అయస్కాంతాలు. వాటిలో మామూలు రకాలకు 80 డిగ్రీల సెల్సియస్ హద్దు. అది దాటితే బలం కొంత శాశ్వతంగా పోతుంది. అయస్కాంతం బలహీనపడితే అదే టార్క్‌కు ఇంకా ఎక్కువ కరెంటు కావాలి, దాంతో ఇంకా వేడి. మంచి రకాలు ఇంకా ఎక్కువ తట్టుకుంటాయి గానీ, మనం కొన్నదానిలో ఏ రకం వేశారో పెట్టె మీద రాయరు. పైగా లోపలి వేడి పైన మనం కొలిచేదాని కంటే ఎప్పుడూ ఎక్కువే. అందుకే బయట 70, 75 దగ్గరే ఆపేయడం మేలు.

చల్లటి దేశంలో 20 డిగ్రీల వాతావరణంలో నడిపేవాడికి ఆ 75కు చేరడానికి 55 డిగ్రీల జాగా ఉంది. మే నెల బెజవాడలో 44 డిగ్రీల ఎండలో మనకు 31 డిగ్రీలే. ఒకటే బండి, ఒకటే గేరింగ్, అక్కడ హాయిగా తిరుగుతుంది, ఇక్కడ కాలుతుంది. వేడి కొలవడానికి దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. కోవిడ్ రోజుల్లో నుదుటి మీద పెట్టినవి ఒంటి జ్వరం కోసం చేసినవి, ఈ పనికి చాలవు. అది కొనేదాకా వేలితో చూసుకోవచ్చు. మోటారు మీద రెండు మూడు సెకన్లకు మించి వేలు ఆనించలేకపోతే ఆ రోజుకు ఆట చాలించండి.

వేడి ఎక్కువైతే ముందుగా చేయాల్సింది పీనియన్‌లో ఒక పన్ను తగ్గించడం. 14 నుంచి 13కు దిగితే అదే గట్టు మీద రాగిలో వేడి 14 శాతం దాకా తగ్గుతుంది. అలాగని పదికి, తొమ్మిదికి దిగిపోకూడదు. అప్పుడు బండి నత్తనడక నడుస్తుంది, మనం ఎప్పుడూ ఫుల్ థ్రాటిల్‌లోనే ఉంటాం, అతివేగంగా తిరగడం వల్ల మోటారు ఇనుములో వేరే రకం వేడి పుడుతుంది. చిన్న పీనియన్‌లో ఒక్కో పన్ను మీద భారం ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. పీనియన్‌కు దిగువన జాగా లేకపోతే స్పర్ పెద్దది వేయండి, లేదా యాక్సిల్ లోపలి గేర్లు మార్చండి.

గేర్లు కొనేటప్పుడు పిచ్, అంటే పళ్ల సైజు, కలవాలి. 48 పిచ్ పీనియన్ 32 పిచ్ స్పర్‌తో కలవదు. కలిసినట్టు అనిపించినా పది నిమిషాల్లో స్పర్ పళ్లు పొడి అవుతాయి. బరువైన బండికి 32 పిచ్ గానీ మాడ్యూల్ 1 గానీ ఉండాలి, పళ్లు లావుగా ఉంటాయి. బిగించేటప్పుడు నోటుపుస్తకంలోంచి సన్నటి కాగితం ముక్క చింపి రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించండి. కాగితం బయటికి లాగితే ముడతలు పడి రావాలి, చిరిగి రాకూడదు. చిరిగితే మరీ బిగువు, ముడతే పడకపోతే మరీ వదులు. స్లిప్పర్ క్లచ్ ఉంటే దాన్ని పూర్తిగా బిగించేయకండి. దూకి నేలకు తగిలే క్షణంలో తిరుగుతున్న చక్రాలు ఒక్కసారిగా ఆగుతాయి, ఆ దెబ్బను స్పర్ పళ్ల బదులు క్లచ్ మోస్తుంది.

నా బండిలో ఇప్పుడు 3660 సైజు 2200 కేవీ మోటారు, మూడు సెల్లుల బ్యాటరీ ఉన్నాయి. టైరు అదే 150. కిందటేడాది వేసవిలో అదే ఇసుకకు తీసుకెళ్లాను. 14 పీనియన్‌తో పది నిమిషాలు నడిపి కొలిస్తే 76 డిగ్రీలు, బయట 42. పక్కనే గట్టు మీద కూర్చుని, మోటారు చల్లారాక 13 వేసి మళ్లీ పది నిమిషాలు నడిపాను. 71. అప్పటి నుంచి టూల్ బాక్సులో 13, 14, 15 పళ్ల పీనియన్లు మూడూ ఒకే డబ్బాలో ఉంటాయి. మార్చిలో ఎండ ముదరగానే 13 ఎక్కుతుంది. కార్తీకం వచ్చి చలి మొదలయ్యాక 15.